సెల్లారుకీ పెంట్‌హౌస్‌కీ మధ్య

పోయిన ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతున్నాయంటే మా అపార్ట్‌మెంటు డాబా మీదకి వెళ్ళాను. వాల్వు కట్టేసి దిగబోతుంటే పెంట్‌హౌస్‌లో ఉండే అమ్మాయి తలుపు తీసి, "అన్నయ్యా, ఈ థర్మామీటరు పాడైపోయిందేమో, ఓసారి చూడరా" అంది. చంటిదానికి ఒళ్ళు వెచ్చగా ఉందని మందుల షాపులో కొనుక్కొచ్చిన డిజిటల్ థర్మామీటరు. బటన్ నొక్కి, ఎవరి చంకలోనూ పెట్టకుండా, కొన గాలిలో ఉండేట్టు పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాను. కాసేపటికి కీచుమంది. 101 దాటి చూపించింది. థర్మామీటరు బాగానే ఉంది. జ్వరం గదికి.

హైదరాబాదు బయటివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఈ ఊళ్ళో పెంట్‌హౌస్ అంటే సినిమాల్లో విలన్ ఉండే చోటు కాదు. డాబా మీద, లిఫ్టు గది పక్కన, నాలుగు ఇటుక గోడలు లేపి పైన సిమెంటు రేకులు పరిచిన ఒంటి గది. మునిసిపాలిటీకి ఇచ్చిన ప్లానులో ఉండదు, టులెట్ బోర్డు మీద ఉంటుంది. నెత్తిన రేకు, కాళ్ళ కింద ఐదో అంతస్తు శ్లాబు. రేకు ఎంత తొందరగా కాలుతుందో అంత తొందరగా చల్లారుతుంది. శ్లాబు అలా కాదు, పగలంతా తాగిన ఎండని అర్ధరాత్రి దాకా వదుల్తూనే ఉంటుంది. అంటే ఆ గదికి పగలు పైనుంచి, రాత్రి కిందనుంచి. నేనింత పొడుగ్గా చెప్పినదాన్ని శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆ అమ్మాయి ఒక్క ముక్కలో చెప్పేసింది: "ఏటి చేత్తాం అన్నయ్యా, మంచమ్మీదుంటే రేకు కాల్తాది, కిందకి దిగితే నేల కాల్తాది."

నాకు ఆ గది కొత్త కాదు. 2004లో మిర్యాలగూడ నుంచి వచ్చి అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నప్పుడు ఎస్సార్ నగర్‌లో నలుగురం అలాంటి దాంట్లోనే ఉన్నాం. పొద్దు గూకగానే రేకుల మీద బకెట్లతో నీళ్ళు కొట్టేవాళ్ళం, చుయ్యిమని ఆవిరి లేచేది. గోనెసంచులు తడిపి పరిచేవాళ్ళం. రాత్రికి చాపలు పట్టుకుని ఆరుబయటికి. మేం డాబా మీద పడుకోవడం ఓనరు ఆంటీకి ఇష్టం లేదు, నీళ్ళు వాడటమైతే అసలే ఇష్టం లేదు. ఇప్పుడు తల్చుకుంటే అదంతా సరదాగానే గుర్తొస్తుంది. అందుకే "మేమూ రేకుల కింద బతికినోళ్ళమే, ఏమైంది?" అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట చాలాసార్లు అన్నది నేనే కాబట్టి ఇంకొంచెం ఎక్కువ మండుతుంది. మేం అక్కడ బతకలేదు, రెండు ఎండాకాలాలు గడిపాం, అంతే. పగలంతా ఇన్‌స్టిట్యూట్‌లో ఏసీ కింద కూర్చునేవాళ్ళం. చంకలో పసిపిల్లని వేసుకుని పొద్దుటి నుంచి పొద్దుటి దాకా ఆ రేకుల కింద ఉండటం ఎలా ఉంటుందో మాకేం తెలుసు?

ఇప్పుడు నాది రెండో అంతస్తు. నా నెత్తిన మూడు అంతస్తుల జనం ఉన్నారు కాబట్టి ఎండ నా దాకా రాదు. నా కింద ఒక అంతస్తు, దాని కింద సెల్లారు ఉన్నాయి కాబట్టి వాన నా దాకా రాదు. సెల్లారులో, నీళ్ళ మోటారు పక్కన, పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, నలుగురు. మా కాలనీ పేరు చివర కుంట అని ఉంటుంది. కుంట కనబడదు, అది ఉన్న చోటే మేమున్నాం. మా అసోసియేషన్‌కి ట్రెజరర్‌ని నేను. పెంట్‌హౌస్ కిరాయి 5,500 నెలనెలా నా చేతికే వస్తుంది, వాచ్‌మన్ జీతంలో సగం పైన దాంతోనే తీరుతుంది. లెక్కల పుస్తకంలో ఈ రెండు పద్దులూ పదేళ్ళుగా పక్కపక్కనే రాస్తున్నాను. పైవాళ్ళ ఉడుకుతో కిందవాళ్ళకి జీతమిచ్చి మధ్యలో పది కుటుంబాలం చల్లగా, పొడిగా ఉన్నామని ఆ థర్మామీటరు చేతిలో ఉన్నప్పుడుగానీ తట్టలేదు.

"ఎండకి పేదా గొప్పా తేడా ఏముంది, అందరి మీదా ఒకటే సూర్యుడు" అని వాతావరణ మార్పు మీద మాట్లాడేవాళ్ళు తరచు అంటారు. సూర్యుడు ఒక్కడే. అంతస్తులు వేరు. నగరంలో ఎండ పైనుంచి దిగుతుంది, నీళ్ళు కిందనుంచి ఎక్కుతాయి, పేదవాళ్ళకి దొరికేవి ఆ రెండు కొసలే. ఇంతవరకే అయితే అందరికీ తెలిసిన సంగతి, వ్యాసం అక్కర్లేదు. నన్ను తొలుస్తున్నది వేరే. ఈ ఎండకీ వానకీ ప్రభుత్వాలు కనిపెట్టిన మందు ఏదైనా సరే, ఇంటి నంబరు పట్టుకుని, మీటరు పట్టుకుని, ప్లాను పట్టుకుని వస్తుంది. ఇవి మూడూ ఉన్నవాడు ఓనరు. ఉడికేవాడికీ తడిసేవాడికీ ఈ మూడిట్లో ఒక్కటీ లేదు.

ముందు ఎండని కొలిచే తీరు చూడండి. "ఈరోజు హైదరాబాదులో 41 డిగ్రీలు" అని టీవీ చెప్తే, అది ఆరుబయట, నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేట్టు చెక్క పలకలతో చేసి తెల్లరంగు వేసిన పెట్టెలో, నీడన ఉన్న థర్మామీటరు చెప్పిన మాట. కొలత అలాగే ఉండాలి, ప్రపంచమంతా అలాగే కొలుస్తారు, తప్పు పట్టను. కానీ తెల్లరంగు కప్పు, నీడ, నాలుగు వైపులా గాలి... ఆ థర్మామీటరుకి ఉన్నపాటి వసతి ఈ నగరంలో లక్షల మందికి లేదు.

వడగాడ్పుకి వాతావరణ శాఖ పెట్టిన హద్దులు కూడా పగటివే. మైదానంలో 40 డిగ్రీలు తాకి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి, లేదా ఏకంగా 45 తాకాలి. కోస్తాలో 37 నుంచి లెక్క. "వేడి రాత్రి" అని ఒక ప్రకటన కూడా ఉంది, అయితే దానికీ పగలు 40 డిగ్రీలు ఉండి తీరాలి. పగలు 39 దగ్గర ఆగి, రాత్రంతా గది ఉడికిపోతే ఆ రాత్రి ఏ ఖాతాలోనూ పడదు. ఎండదెబ్బ అనగానే మనకి నడిరోడ్డు మీద పడిపోయిన మనిషే కళ్ళముందు కనిపిస్తాడు. ఒళ్ళు పగలు పడ్డ బాధని రాత్రి చల్లదనంలో తీర్చుకుంటుంది. ఆ చల్లదనం వరసగా నాలుగు రాత్రులు దొరక్కపోతే గుండె, మూత్రపిండాలు మెల్లమెల్లగా అలిసిపోతాయి. బీపీ ఉన్న ముసలాయన ఐదోనాడు తెల్లవారేసరికి లేవడు. గుండెపోటు అంటారు. అబద్ధమూ కాదు.

2015 మే నెల గుర్తుందా? ఆ వేసవిలో దేశం మొత్తం మీద రెండు వేలకు పైగా జనం వడదెబ్బకి పోయారు, అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్ళే. అది కూడా లెక్కకెక్కినవాళ్ళ సంగతి. లెక్కకెక్కాలంటే తహసీల్దారు, పోలీసు, డాక్టరు కలిసిన ముగ్గురి కమిటీ ఇది వడదెబ్బేనని తేల్చాలి. అహ్మదాబాదులో వేరే పద్ధతిలో చూశారు. 2010 మే నెల చావులన్నిటినీ 2009, 2011 మే నెలలతో పోల్చి, తేడా తీశారు. మామూలు కంటే 1,344 ఎక్కువని తేలింది. ఆ వేసవి చావులు చూసి బెంబేలెత్తే, 2013లో దక్షిణాసియాలోనే మొదటి వేసవి కార్యాచరణ ప్రణాళిక వేసుకుంది ఆ నగరం. ఒక్కో శవాన్నీ పట్టుకుని ఎందుకు పోయాడని అడగడం కంటే, ఈ నెలలో ఇంతమంది ఎందుకు పోయారని అడగడం తెలివైన పని. తెలంగాణ 2025 ఏప్రిల్లో వడగాడ్పుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, అంతకుముందు యాభై వేలున్న పరిహారాన్ని 4 లక్షలు చేసింది. మంచిదే, మెచ్చుకోవాలి. కాకపోతే ఆ డబ్బు చేతికి రావాలంటే ముందు మనిషి పోవాలి, ఆ పోవడం కూడా ఎండలోనే పోయినట్టు కనబడాలి.

కరెంటు సంగతి ఇంకా వింత. హైదరాబాదు ఎండ పొడి ఎండ కాబట్టి ఇక్కడ కూలర్ పనిచేస్తుంది. విజయవాడ ఉక్కపోతలో కూలర్ పెట్టుకుంటే తడిబట్ట కప్పుకున్నట్టే. రోజుకి పన్నెండు గంటలు తిరిగే చిన్న కూలర్‌కి రెండు యూనిట్లు అవుతుంది, నెలకి అరవై. తెల్లకార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా ఉచితం అని తెలంగాణలో 2024 నుంచి పథకం ఉంది. మరి ఆ అమ్మాయి కూలర్ ఎందుకు కట్టేసి కూర్చుంది? ఆ గదికి మీటరు లేదు కాబట్టి. ప్లానులో లేని గదికి సర్వీసు నంబరు ఎక్కడిది? కామన్ మీటరు నుంచి తీగ లాగి సబ్‌మీటరు పెట్టాం, యూనిట్‌కి పది రూపాయలు. ఆ పది రూపాయలు ఎవరు పెట్టారని అడక్కండి, లెక్కల పుస్తకం నా దగ్గరే ఉందని ముందే చెప్పాను. పేదవాళ్ళకని ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన దాన్ని, ఊళ్ళో చాలామంది కంటే ఖరీదుగా కొనేది పేదవాళ్ళే.

ఇదంతా భూమి వేడెక్కడం వల్లేనా అని ఒక స్నేహితుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 దాకా మన దేశపు సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచ సగటు పారిశ్రామిక యుగం ముందటి కంటే ఒకటిన్నర డిగ్రీ పైకి చేరిన మొదటి సంవత్సరం 2024. ఈ ముక్కలు అరలు చూసి ఇంతేనా అనిపిస్తుంది. కానీ సగటు ఇంత కదిలితే కొసలు చాలా కదుల్తాయి. దాని మీద నగరం తన వంతు తను వేస్తుంది. చెరువులు పోయాయి, మట్టి కనబడకుండా సిమెంటు పోశాం, ఒక బిల్డింగు వేడి ఇంకో బిల్డింగు గోడకి కొడుతుంది. దూరం పోనక్కర్లేదు. మా అపార్ట్‌మెంటు ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు సగం డాబా మీదే ఉన్నాయి. వాటిలో మూడు పెంట్‌హౌస్ కిటికీకి ఎదురుగా. నా పడకగదిలోంచి తోడేసిన వేడి ఎక్కడికి పోతోందని నేను పదేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. మూడిట్లో ఒకటి నాదే.

పై కొస సంగతి ఇది. కింది కొసకి వస్తాను.

2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. మా సెల్లారులోకి నడుం లోతు నీళ్ళు వచ్చాయి. మేం కార్లు ముందే తీసి మెయిన్ రోడ్డు మీద పెట్టుకున్నాం, వాట్సప్ గ్రూపులో "అందరూ కార్లు తీయండి" అని మెసేజ్ పెట్టింది నేనే. వాచ్‌మన్ బియ్యం, పిల్లల పుస్తకాలు, టీవీ తడిసిపోయాయి. గ్రూపులో వాళ్ళు లేరు మరి. ఆ తర్వాత కుటుంబానికి పదివేలు సాయం ప్రకటించారు. ఎన్నికలొచ్చి మధ్యలో ఆగేలోపు జనం బారులు తీరి తీసుకున్నారు. ఇంటి నంబరు రాయాల్సిన చోట ఏం రాయాలో తెలియక వాచ్‌మన్ ఫారం అల్మారాలోనే ఉండిపోయింది. సెల్లారుకి నంబరేది? ఇప్పుడు మబ్బు పడితే చాలు, ఆయన భార్య మూటలు కట్టి మెట్ల మీద పెడుతుంది. "నీళ్ళొస్తె ఏడికి వోతం సారూ, మీ మెట్ల మీదనే గద" అంటుంది నవ్వుతూ.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ప్రభుత్వం అంతస్తుల లెక్కన సాయం ఇచ్చింది, కింది అంతస్తుకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు. నాకు తెలిసి మన దగ్గర విపత్తుని అంతస్తులవారీగా చూసిన అరుదైన సందర్భం అది. వానకి అలా చూడగలిగినవాళ్ళు ఎండకి ఎందుకు చూడరు?

పైగా ఇప్పుడు కాలాలు కూడా కలగాపులగం అయ్యాయి. 2024 మే 7న, ఎండలు మండే రోజుల్లో, హైదరాబాదులో కుండపోత కురిసింది. బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ల రిటైనింగ్ గోడ కూలి పక్కనే రేకుల షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు. నాలుగేళ్ళ పిల్లాడు కూడా ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఏ రేకుల కింద ఉడికారో సాయంత్రం వాటి కిందే నలిగిపోయారు.

చేయగలిగింది లేదా అంటే, ఉంది. అదే బాధ. బంజారాహిల్స్ దగ్గర దేవరకొండ బస్తీలో 2017లో పాతిక ఇళ్ళ కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలంటే తక్కువేం కాదు, నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉండేది అంతే. దాని వెనకే 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం వచ్చింది. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం అని గొప్పగా చెప్పుకున్నాం, తప్పు లేదు. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబడాలని లక్ష్యం. ఇక అసలు సంగతి. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 గజాలూ ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకీ తప్పనిసరి. అంతకంటే చిన్నవాటికి ఇష్టమైతే వేసుకోవచ్చు. అరవై గజాల ఇంట్లో మూడు వాటాలు కిరాయికిచ్చే బస్తీలో ఎవరి ఇష్టం? ఓనరు కింద గదిలో ఉంటాడు, రేకుల గది కిరాయిది. రంగుకి డబ్బు పెట్టాల్సినవాడికి ఉడుకు లేదు, ఉడుకున్నవాడికి రంగు వేసే హక్కు లేదు.

చెట్లు నాటితే సరిపోతుంది కదా అంటారు. నాటండి. కానీ ఐదో అంతస్తు మీది రేకుకి నీడనిచ్చే చెట్టు ఏదో చెప్పి నాటండి. వాళ్ళకి అలవాటే అనేవాళ్ళకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, నా థర్మామీటరు కథే ఉంది. చంటిపిల్లకి ఏడు నెలలు. ఏడు నెలల్లో దేనికి అలవాటు పడుతుంది?

పని చోట కూడా ఇదే తంతు. మా వాచ్‌మన్ ఇక్కడికి రాకముందు అడ్డా కూలీ. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ళ బండెక్కడం. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట తిరగొద్దని ప్రతి వేసవీ ప్రకటన వస్తుంది. ఆ నాలుగు గంటల కూలి ఎవరిస్తారో ఆ ప్రకటనలో ఉండదు. డబ్బు లేక కాదు. కట్టే ప్రతి పెద్ద భవనం ఖర్చు మీదా ఒక శాతం సెస్సు వసూలు చేసి నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధిలో వేయాలని 1996లోనే చట్టం వచ్చింది. ఢిల్లీలో గాలి విషమై కట్టుబడి పనులు ఆపేసినప్పుడు ఆ నిధి నుంచే కూలీలకి డబ్బు ఇప్పించారు. పొగకి ఇవ్వగలిగింది ఎండకి ఎందుకు ఇవ్వలేరు? ఏప్రిల్, మే నెలల్లో ఏ పది రోజులో ఇచ్చినా చాలు, ఆ మధ్యాహ్నాలు మనిషి నీడకి పోతాడు.

నన్నడిగితే ఎండ పథకం ఏదైనా ఇంటి నంబరుతో కాకుండా అందులో పడుకునే మనిషితో మొదలవ్వాలి. సబ్‌మీటరు మీద ఉన్నవాడికీ ఉచిత యూనిట్లు రావాలి, ఓనరు సంతకం లేకుండా. పెంట్‌హౌస్‌నీ సెల్లారు గదినీ కూల్చడానికి మాత్రమే లెక్కపెట్టడం మానేసి, అక్కడ మనుషులున్నారని రాసుకోవాలి. రాత్రి పదకొండింటికి ఓ వంద రేకుల గదుల్లో ఎంత వేడి ఉందో కొలిచి, పొద్దున్నే ఆ అంకె చెప్పాలి టీవీలో.

ఇంత రాసినవాణ్ణి నా బిల్డింగులో ఏం చేశానో కూడా చెప్పాలి కదా.

జూన్‌లో అసోసియేషన్ మీటింగులో డాబాకి తెల్లరంగు వేయిద్దామన్నాను. ఐదో అంతస్తువాళ్ళు వెంటనే సరే అన్నారు, వాళ్ళ కప్పు కదా. మొదటి అంతస్తాయన "మాకేం లాభం?" అన్నాడు. అరగంట వాదన తర్వాత లీకేజీకి కూడా పనికొస్తుందని చెప్తే ఒప్పుకున్నారు. రంగు కొంత మిగిలింది. మేస్త్రీతో చెప్పి పెంట్‌హౌస్ రేకుల మీద కూడా రెండు చేతులు వేయించాను. వారం తర్వాత ఆ అమ్మాయి మెట్ల దగ్గర కనబడి "పగలు ఫర్వాలేదన్నయ్యా, పిల్ల కాసేపు పడుకుంటంది" అంది. ఆ రాత్రి నాక్కూడా బాగా నిద్ర పట్టింది, నా ఏసీ ఆ కిటికీలోకే ఊదుతోందని మర్చిపోయి.

ఆగస్టు లెక్కల మీటింగులో ఎవరో అన్నారు, పక్క బిల్డింగు పెంట్‌హౌస్ 6,500 పోతోందట, మనది ఇప్పుడు రంగు కూడా వేశాం కదా అని. వద్దన్నాను. గట్టిగా అన్నానని మాత్రం చెప్పలేను. వాచ్‌మన్ జీతం పెంచమని అడుగుతున్నాడు, అది ఎక్కడినుంచి తేవాలని నన్నే తిరిగి అడిగారు. దసరాకి ఊరెళ్ళిన పెంట్‌హౌస్ కుటుంబం మళ్ళీ రాలేదు. సామాను తీసుకెళ్ళడానికి ఆ అమ్మాయి భర్తొక్కడే వచ్చాడు, బోరబండ అవతల ఎక్కడో 4,500కి దొరికిందన్నాడు. రేకులదేనా అని అడిగాను. ఇంకేముంటది సార్ అన్నాడు.

గేటుకి కొత్త బోర్డు కట్టాం. దాని మీద రాయాల్సింది వాట్సప్‌లో సెక్రటరీ పంపిస్తే నేనే ప్రింటు తీయించాను: "టులెట్. పెంట్‌హౌస్, సింగిల్ రూమ్. కూల్ రూఫ్. 24 గంటలు నీళ్ళు. కిరాయి 6,500, కరెంటు అదనం."